ఎవరింటి అన్నం

మన షెడ్డులో ప్రతి గిన్నె చెవికీ ఒక పలక వేలాడుతూ ఉంటుంది. చిన్నపిల్లలు అక్షరాలు దిద్దుకునే పలకే. దాని మీద సుద్దముక్కతో ఊరి పేరు, ఆ ఇంట్లో జరిగిన వేడుక రాసి ఉంటాయి. "బాపట్ల, పెళ్ళి." "తెనాలి, బారసాల." "రేపల్లె, పెద్దకర్మ." ఫుడ్ బ్యాంకులో కొత్తగా చేరే మీలాంటి వాళ్ళు మొదటి వారంలోనే అడుగుతారు, ఎప్పుడు వండారో రాస్తే చాలదా మేడమ్, ఎవరింటిదో మనకెందుకు అని. వండిన టైము ఎలాగూ రాస్తాం. ఈ పలకలు మాత్రం నేను చేసిన ఒక తప్పు వల్ల వచ్చాయి. రేపు నేను లేనప్పుడు ఎవరికి తోచినట్టు వాళ్ళు కథ అల్లేకంటే ఇవాళ నేనే చెప్పడం మేలు.

నేను ఉద్యోగం చేసిందంతా ఆడపిల్లల హాస్టళ్ళలో. పుట్టింది తెనాలి, మొదటి పోస్టింగు రేపల్లె, రిటైరైంది బాపట్లలో. వార్డెన్ ఉద్యోగమంటే బియ్యం బస్తాలు, గ్యాసు బండలు, దగ్గులు, జ్వరాలు, సెలవులకి ఇంటికి పోనని ఏడ్చే పిల్లలు, పోతానని ఏడ్చే పిల్లలు. ఇవన్నీ ఒక ఎత్తు, రుచి రిజిస్టరు ఒక ఎత్తు. వండినదాన్ని పిల్లలకి పెట్టే ముందు వార్డెన్ తిని చూడాలి, చూశానని సంతకం పెట్టాలి. రేపల్లెలో నాకు చార్జి అప్పగించిన పెద్దావిడ తాళాలగుత్తి చేతిలో పెడుతూ ఒకే మాట చెప్పింది: "పిల్లల నోట్లో పడేముందు నీ నోట్లో పడాలమ్మా. చెడితే ముందు నీ కడుపు చెడాలి." ఆవిడ మాట నేను సర్వీసంతా నిలబెట్టాను. జ్వరం వచ్చి నోరు చేదెక్కిన రోజున కూడా చెంచాడు సాంబారు నాలిక మీద వేసుకున్నాకే సంతకం పెట్టాను. ఈ సంగతి పదిమందిలో చెప్పుకోవడం నాకు ఇష్టం. గొప్పలు చెప్పుకునేవాళ్ళకి దేవుడు ఎక్కడో ఒక గుంట తవ్వి ఉంచుతాడు.

రిటైరయ్యాక ఇంట్లో ఊరికే కూర్చోవడం నా వల్ల కాలేదు. మా వీధిలో ఉండే లెక్కల మాస్టారు, ఆయన కూడా రిటైరైనవారే, రైల్వే గేటు దగ్గర ఖాళీగా ఉన్న ఈ విత్తనాల షెడ్డు అడిగి తీసుకుని ఈ ఫుడ్ బ్యాంకు మొదలుపెట్టారు. ఫంక్షన్ హాళ్ళలో మిగిలిన వంటకాలు చెడిపోకముందే తెచ్చి, కావలసినవాళ్ళకి చేర్చడం మా పని. ఫోన్లు మాస్టారు చూసుకునేవారు. పొన్నూరు నుంచి వచ్చిన ఒక ఆటో డ్రైవరు బండి తోలేవాడు. ముట్టుకుంటే మాసిపోయేంత మర్యాద మాస్టారిది, ముట్టుకుంటే అంటుకునేంత కోపం డ్రైవరుది. వాళ్ళిద్దరి మధ్య రుచి చూసే పని నాది. మొదటి రోజే ఒక నోటు పుస్తకం కొని, గీతలు కొట్టి, పైన "రుచి రిజిస్టరు" అని రాశాను. మాస్టారు నవ్వారు గాని అడ్డు చెప్పలేదు.

ఆ యేడు కార్తీకంలో ముసురు పట్టింది. రోజుల తరబడి సూర్యుడు కనపడలేదు. పేరాలలో నేతపని చేసుకునేవాళ్ళ వీధి ఒకటి ఇబ్బందుల్లో ఉందని డ్రైవరు చెప్పాడు. వాళ్ళవి గుంట మగ్గాలు. నేలలో గుంట తవ్వి, అందులో కాళ్ళు పెట్టుకుని కూర్చుని నేస్తారు. వాన ఎక్కువైతే గుంటలో నీళ్ళు ఊరతాయి, నూలు చెమ్మ పడుతుంది, మగ్గం ఆగిపోతుంది. మగ్గం ఆగితే పొయ్యి కూడా ఆగుతుంది.

మొదటిసారి మేము అన్నం, పప్పు, కూర తీసుకుని వెళ్ళినప్పుడు ఆ వీధిలో ఒక్కరూ గిన్నె పట్టుకుని బయటికి రాలేదు. తలుపుల వెనక నుంచి చూస్తున్నారు. ఒక ఇంటి అరుగు మీద డెబ్భై దాటిన ఆవిడ కూర్చుని ఉంది. బక్కపలచటి మనిషి, నీలం అంచు చీర, నుదుట పెద్ద బొట్టు. లోపల మంచం మీద ఆవిడ భర్త ఆయాసంతో దగ్గుతున్నాడు. ఆవిడ నన్ను ఎగాదిగా చూసి, "ఏ ఇంటిదండి ఈ అన్నం?" అని అడిగింది.

బాపట్లలో పెళ్ళిదండి, అన్నాను. ఆవిడ లేచి గిన్నె తెచ్చుకుంది. పెట్టించుకున్నాక వీధికి వినపడేలా, ఆ పిల్లా పిల్లాడూ పిల్లాపాపలతో చల్లగా ఉండాలి అంది. అప్పుడు తలుపులు ఒక్కొక్కటే తెరుచుకున్నాయి. ఊరికే తింటే ఒంటికి పట్టదటండి, పెట్టిన ఇంటికి ఒక మంచి మాట ఇచ్చి తినాలట. నాకు అది తెగ నచ్చింది. చెయ్యి చాచడం కాదు, ఇచ్చి పుచ్చుకోవడం. ఆ తర్వాత వెళ్ళిన ప్రతిసారీ ఆవిడ అదే ప్రశ్న అడిగేది, నేను చెప్పేదాన్ని, ఆవిడ దీవించేది, వీధి తినేది. బారసాలకి ఒక దీవెన, ఓణీల ఫంక్షనుకి ఒక దీవెన. ఆవిడ దగ్గర అన్నిటికీ మాటలున్నాయి.

ఒకరోజు పొద్దున్నుంచి ఒక్క ఫోనూ లేదు. ముందురోజు కూడా పేరాల వెళ్ళలేకపోయాం. పన్నెండున్నరకి పొన్నూరు నుంచి కబురొచ్చింది. రైసు మిల్లు వాళ్ళింట్లో పెద్దకర్మ, వాన వల్ల చుట్టాలు సగం మంది రాలేదు, బోలెడు వంట మిగిలింది, తీసుకెళ్ళమని. మాస్టారూ డ్రైవరూ వెళ్ళి తెచ్చారు. అన్నం, పప్పు, అరటికాయ వేపుడు, గుమ్మడికాయ పులుసు, గారెలు, బూరెలు. వాటితోపాటు ఆ ఇంటివాళ్ళు మిగిలిపోయిన స్టీలు డబ్బాలు ఒక అట్టపెట్టెడు ఇచ్చి పంపారు. పెద్దకర్మకి వచ్చినవాళ్ళకి పోయినాయన పేరు చెక్కించి పంచుతారు చూడండి, అవి.

కర్మ భోజనం వస్తే మాకు ఒక అలవాటు ఉండేది. ఇళ్ళకి ఇచ్చేవాళ్ళం కాదు. బస్టాండుకో రైల్వే స్టేషనుకో తీసుకెళ్ళేవాళ్ళం. అక్కడ ఎవరూ అడగరు, మేమూ చెప్పం. మాస్టారు ఆ రోజు కూడా స్టేషనుకే పంపుదామన్నారు. నేను ఎగిరిపడ్డాను. రెండు రోజులుగా పొయ్యి వెలగని వీధిని పెట్టుకుని ఇంకా ఈ చాదస్తం ఏంటి మాస్టారూ, లెక్కలు చెప్పిన మనిషి మాట్లాడే మాటేనా ఇది, బియ్యానికి పెళ్ళీ చావూ తెలుసా అని దులిపేశాను. ఆయన పాపం, వాళ్ళు అడిగితే ఏం చెప్తారండి, అని మాత్రం అన్నారు. అప్పటి సంగతి అప్పుడు చూద్దాం అన్నాను.

బయల్దేరేముందు మూతలు తీసి చూశాను. పప్పు వాసన బాగుంది. పులుసు వాసన బాగుంది. గారె విరిచి చూశాను, బాగా వేగింది. రిజిస్టరులో సంతకం పెట్టాను.

పేరాల పెద్దావిడ భర్త గట్టి పదార్థాలు తినలేడు. ఆయనకి విడిగా మెత్తటి అన్నంలో పప్పు కలిపి పట్టుకెళ్దామనుకున్నాను. కవర్లు అయిపోయాయి. అట్టపెట్టెలోంచి ఒక స్టీలు డబ్బా తీశాను. మూత మీద పోయినాయన పేరు, ఆయన పోయిన రోజు చెక్కి ఉన్నాయి. మూత తీసి పక్కన పెట్టేసి, డబ్బా మీద అరటాకు ముక్క కప్పాను. డబ్బా అడుగున కూడా అదే చెక్కి ఉంటుందని నేను తిప్పి చూడలేదు. ఎంత చదువుకుంటే ఏం లాభం చెప్పండి, దొంగపని చేసేవాళ్ళు అడుగు కూడా చూసుకోవాలన్న జ్ఞానం నాకు లేకపోయింది.

పేరాల చేరేసరికి మూడు దాటింది. ఆవిడ అరుగు మీదే ఉంది. లోపల దగ్గు ఆగకుండా వినిపిస్తోంది. పిల్లలు అప్పటికే గిన్నెలు పట్టుకుని నిలబడ్డారు. ఆవిడ మామూలుగానే అడిగింది, ఏ ఇంటిదండి అని. నా నోటికి ఏది వస్తే అది అన్నాను.

"పొన్నూరులో షష్టిపూర్తండి."

ఆవిడ మొహం విప్పారింది. షష్టిపూర్తి అంటే చిన్న విషయమా అంది. ఆకాశంకేసి రెండు చేతులూ ఎత్తి, "ఆ ఆలుమగలు నూరేళ్ళు చల్లగా ఉండాలి" అని దీవించింది. డ్రైవరు నావైపు చూడకుండా గరిటె అందుకున్నాడు. ఇంటాయన కోసం తెచ్చిన డబ్బా నేను ఆవిడ చేతికిచ్చాను. వీధి మొత్తం గారెలు, బూరెలు కడుపునిండా తిన్నారు. తిరిగి వచ్చేటప్పుడు నేను చాలా హుషారుగా ఉన్నాను. చూశావా, ఎవరికేమైంది అన్నాను డ్రైవరుతో. వాడు వైపరు వంక చూస్తూ కూర్చున్నాడు.

మర్నాడు వెళ్ళేసరికి వీధిలో ఒక్క తలుపు తెరిచి లేదు. ఆవిడ అరుగు మీద ఆ డబ్బా తోమి బోర్లించి ఉంది. అడుగున అక్షరాలు దూరానికే కనబడుతున్నాయి. ఆటో చప్పుడు విని ఆవిడే తలుపు తీసుకుని బయటికి వచ్చి సంగతి చెప్పింది. ఆవిడ భర్త మంచం మీద ఉన్నా చేతికందిన కాగితం ముక్కనల్లా చదివే మనిషట. తినడం అయ్యాక డబ్బా తిప్పి, పైకి చదివాడట.

నేను పొరపాటైందండి, పిల్లలు ఆకలితో ఉన్నారని అలా చెప్పాను అన్నాను. ఆవిడ కోపంగా లేదు. కోప్పడినా బాగుండేది. ఒక్కో మాటా నెమ్మదిగా అడిగింది.

"చచ్చిపోయినాయనకి నూరేళ్ళు ఆయుష్షు ఇమ్మన్నాను నేను. మొగుడు పోయిన ఆవిడని పట్టుకుని ఆలుమగలు చల్లగా ఉండండి అన్నాను. ఆ మాట ఆవిడ చెవిన పడితే ఏమనుకుంటుందండి?"

అన్నం అన్నమేనండి, మీరు మరీ అంత పట్టించుకోకూడదు అని ఏదో గొణిగాను. ఆవిడ లోపలికి, మంచం వైపు చూసింది. మంచాన పడ్డ మనిషికి నా చేత్తో చావు భోజనం పెట్టించారు కదండి అంది. తర్వాత నా కళ్ళలోకి చూస్తూ అడిగింది.

"మీరు తిన్నారాండి?"

ఇప్పుడు మీకు ఒక సంగతి చెప్పాలి. ఆ రోజు నేను రుచి చూడలేదు. వాసన చూశాను, విరిచి చూశాను, నాలిక మీద మాత్రం వేసుకోలేదు. మా ఆయనకి గుండెకి స్టెంటు వేసి అప్పటికి నెల కాలేదు. అంతకుముందే చాదస్తం చాదస్తం అని మాస్టారిని దులిపిన దాన్ని, ఆ గారె ముక్క నోటిదాకా తీసుకెళ్ళి తిరిగి గిన్నెలో వేసేశాను. వేసేసి సంతకం పెట్టాను. ముప్ఫై ఏళ్ళ ఉద్యోగంలో చెయ్యని పని, జీతం లేని చోట చేశాను. ఆవిడకి మొగుడి గురించి ఉన్న భయమే నాకూ ఉంది. నా భయం నేను కాపాడుకున్నాను, ఆవిడ భయాన్ని చాదస్తమన్నాను.

తినలేదండి, అన్నాను.

ఆవిడ తల ఊపింది. డబ్బా నా చేతికిచ్చి లోపలికి వెళ్ళి తలుపు వేసుకుంది. తెచ్చిన గిన్నెలు అలాగే ఆటోలో వెనక్కి వచ్చాయి. వాన తగ్గలేదు, వీధిలో పిల్లలు కిటికీల్లోంచి ఆటో వంక చూస్తూనే ఉన్నారు. నా ఒక్క అబద్ధానికి ఆ వీధి పస్తుంటోందని నాకు తెలుసు. దార్లో డ్రైవరు ఒకే ఒక్కసారి నోరు విప్పాడు. మేడమ్, నాకు చెప్పుంటే నేను తినేవాణ్ణి కదండి, అన్నాడు.

షెడ్డుకి వచ్చి రిజిస్టరు తీసి నిన్నటి సంతకం కొట్టేశాను. పక్కన "రుచి చూడలేదు" అని రాసి మాస్టారి ముందు పెట్టాను. ఆయన దెప్పుతారని ఎదురుచూశాను. దెప్పలేదు. తప్పు నాది కూడానండి, స్టేషనులో వాళ్ళకి మాత్రం చెప్పి పెట్టామా ఎప్పుడైనా అన్నారు. సాయంత్రం తను పనిచేసిన బడికి వెళ్ళి, బీరువాలో మూలపడి ఉన్న పాత పలకలు ఒక సంచెడు పట్టుకొచ్చారు.

ఆ మర్నాడు బాపట్లలో పెళ్ళి వంట దొరికింది. గిన్నెకి పలక కట్టి, పేరాల వీధి మొదట్లో ఆటో ఆపించి, గొడుగు పక్కన పెట్టి ప్రతి గిన్నెలోంచీ ఒక ముద్ద తీసుకుని తిన్నాను. ఆ వయసులో నడివీధిలో వానలో నిలబడి తినడం ఎలా ఉంటుందో మీరు ఊహించుకోండి. రెండిళ్ళ అవతల ఒక తల్లి చంటిపిల్లని ఎత్తుకుని బయటికి వచ్చి పలక చదివింది, గిన్నె పట్టింది. ఆవిడ వెనక ఇంకొకరు. నెమ్మదిగా వీధి వచ్చింది. ఆ పెద్దావిడ మాత్రం రాలేదు. ముసురు వదిలేదాకా ఆ తలుపు మాకు తెరుచుకోలేదు. పక్కింటివాళ్ళు తమ గిన్నెలోంచి తీసి ఆ ఇంటికి ఇస్తున్నారని డ్రైవరు చూసి చెప్పాడు, అది విని నేను ఊపిరి పీల్చుకున్నాను.

ఎండలు వచ్చాయి. గుంటల్లో నీళ్ళు తోడేశారు. మగ్గాలు మళ్ళీ ఆడాయి, మా అవసరం ఆ వీధికి తీరింది. మేము వేరే ఊళ్ళ పనుల్లో పడ్డాం.

మాఘంలో ఒకరోజు డ్రైవరు వచ్చి చెప్పాడు. ఆ పెద్దావిడ భర్త పోయాడట. పదకొండో రోజున పెద్దకర్మ, నన్ను తప్పకుండా రమ్మని కబురు పెట్టిందట. పదిమంది చుట్టాల మధ్య నిలబెట్టి, ఈవిడ పెట్టిన అన్నం తిన్నాకే ఇంటాయన మంచం దిగలేదు అంటుందనుకున్నాను. వెళ్ళకుండా ఉండటానికి మోకాళ్ళ నొప్పులు మొదలుకొని ఎన్ని సాకులు ఆలోచించానో లెక్కలేదు. మా ఆయనే అన్నాడు, పిలిచిన చోటికి వెళ్ళి తిట్లు తినిరా, పిలవకపోతే కదా బాధ అని.

వెళ్ళాను. ఆవిడ నుదుట బొట్టు లేదు. ముందు గుర్తుపట్టలేకపోయాను. నేను చేతులు పట్టుకుని ఏదో చెప్పబోతే, నా మనసులో ఏముందో ఆవిడకి ముందే తెలిసినట్టుంది.

"ఆ గారెలకి పోలేదు చెల్లెమ్మా. దగ్గుకి పోయాడు. రా, కూర్చో."

అంతవరకు నేను ఆవిడకి మేడమ్ గారిని. ఆ మాటతో చెల్లెల్నయ్యాను. ఏడుపొచ్చింది, ఏడ్చాను. పంక్తిలో కూర్చోబెట్టి ఆకు వేసి ఆవిడే వడ్డించింది. పప్పు, గుమ్మడికాయ పులుసు, గారెలు. వడ్డిస్తూ, ఇది ఎవరింటిదో తెలుసు కదా అంది. తెలుసక్కయ్యా అన్నాను. పుట్టి బుద్ధెరిగాక నేను చావింట్లో ఆకు ముందు కూర్చుని తినడం అదే మొదలు. గారె తుంచి పులుసులో ముంచి నోట్లో పెట్టుకున్నాను. మింగాను. రెండోది అడిగి వేయించుకున్నాను.

తిన్నాక ఆ ఇంటికి ఒక మంచి మాట ఇవ్వాలి కదా. చావింట్లో ఏమనాలో నాకు తెలియలేదు. చల్లగా ఉండండి అనాలా, ఏమనాలి? నీళ్ళు నములుతుంటే ఆవిడ నవ్వింది. ఆ రోజు నువ్వు తెచ్చింది చావింటిదని నాకు మాత్రం తెలిసిందా, నోటికొచ్చింది అనేశాను అంది. తర్వాత మీ ఆయనకెలా ఉంది, గుండెకేదో వేశారటగా అని అడిగింది. డ్రైవరు చెప్పాడట. బాగున్నారు అక్కయ్యా, నడుస్తున్నారు అన్నాను.

ఆవిడ చెంబులో నీళ్ళు నా చేతుల మీద పోస్తూ అంది, "ఆ రోజు ఆ మాట ఇల్లు తప్పి పోయింది. అది నీదిలే. ఆలుమగలు నూరేళ్ళు చల్లగా ఉండండి."

మొగుడు పోయి పదకొండు రోజులైన మనిషి నోటి నుంచి ఆ మాట తీసుకోకూడదంటారు మా వాళ్ళు. నేను వంగి ఆవిడ కాళ్ళకి దణ్ణం పెట్టి తీసుకున్నాను.

వచ్చేటప్పుడు మిగిలిన వంట ఒక గిన్నెడు మా ఆటోలో పెట్టించింది. ఎవరింటిదో చెప్పి పెట్టమంది. షెడ్డుకి వచ్చి పలక మీద "పేరాల, పెద్దకర్మ" అని రాసి గిన్నెకి కట్టాను. రిజిస్టరు తీసి సంతకం పెట్టాను. ఈసారి తినే పెట్టాను.